నాలుగు రాత్రులు టెంట్లో: మొదటి మ్యూజిక్ ఫెస్టివల్‌కు ఏం మోయాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం (ఇద్దరు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలు) మొదటిసారి ఒక పెద్ద ఓపెన్ ఎయిర్ మ్యూజిక్ ఫెస్టివల్‌కు వెళ్తున్నాం. నాలుగు రాత్రులు అక్కడే టెంట్లలో ఉండాలి. లక్షమంది దాకా వస్తారట. తీసుకెళ్లాల్సినవి రాస్తుంటే లిస్టు డెబ్బై దాటింది, అయినా ఏదో మర్చిపోయామనే అనిపిస్తోంది. అంత జనంలో తప్పిపోతే ఎలా? వాన పడితే? టాయిలెట్ల సంగతి తలుచుకుంటేనే భయం. పైగా మావాళ్లకు స్టేజీని ఆనుకుని నిలబడాలని పట్టుదల, నాకేమో జనం మధ్య ఊపిరాడదు. ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: లిస్టు డెబ్బై దాటిందంటే మర్చిపోవడం మాట అలా ఉంచండి, సగం తీసేయాలి. ఇలాంటి చోట్ల కారు ఆపిన దగ్గర్నుంచో, బస్సు దిగిన దగ్గర్నుంచో టెంట్లు వేసే మైదానానికి ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల నడక ఉంటుంది. మధ్యలో టికెట్ చెకింగ్, సామాను తనిఖీ, రెండు మూడు క్యూలు. అదంతా బరువు మోస్తూనే. ఆ తర్వాత రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరగడం మామూలే. మీరు సిద్ధం కావాల్సింది ముందుగా నడకకూ, నిద్రకూ. ఈ రెండూ చెడితే రెండో రోజు సాయంత్రానికే ప్రాణం ఇంటిమీదికి పోతుంది, స్టేజీ మీద ఎవరు పాడుతున్నా ఎక్కదు.

బయల్దేరడానికి వారం ముందు సామానంతా సర్ది, ఎవరి బరువు వాళ్లు ఎత్తుకుని అరగంట నడిచి చూడండి. మధ్యలో దించి భుజాలు మార్చుకోవాల్సి వచ్చిందంటే బరువు ఎక్కువైనట్టే. టెంట్‌తో కలిపి మనిషికి 12 నుంచి 15 కిలోలు దాటకపోతే మంచిది. రెండో విడత వెళ్లి తెచ్చుకుందాం అనే ఆలోచన పెట్టుకోకండి. మళ్లీ అదే నడక, అదే క్యూ. చక్రాల సూట్‌కేసు అసలు వద్దు. గడ్డి మీదే మొరాయిస్తుంది, బురదలో చక్రమే తిరగదు. వెడల్పాటి చక్రాల ట్రాలీ అయితే పనికొస్తుంది, అదీ నేల పొడిగా ఉన్నంతవరకే. సర్దేముందు ఆ ఫెస్టివల్ వాళ్ల నిషేధిత వస్తువుల జాబితా ఒకసారి చదవండి. గాజు సీసాలు దాదాపు ఎక్కడా రానివ్వరు. గ్యాస్ స్టవ్, స్ప్రే డబ్బాలు, గొడుగు, పెద్ద బ్యాగు విషయంలో ఒక్కోచోట ఒక్కో రూలు. మందులు వాడేవాళ్లు వాటిని అసలు ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు పెట్టుకోండి. విడి మాత్రలు కవర్లో పోసుకెళ్తే గేటు దగ్గర సంజాయిషీ చెప్పుకోవాలి.

టెంట్ మీద 'నలుగురికి' అని రాసి ఉంటే, నలుగురు భుజం భుజం ఆనించి పడుకుంటే సరిపోతుందని అర్థం. బ్యాగులకు చోటు ఆ లెక్కలో ఉండదు. మీ నలుగురికి ముగ్గురు పట్టే టెంట్లు రెండు తీసుకోండి. ఒక పెద్ద టెంట్ కన్నా ఇదే నయం. బరువు రెండుగా పంచుకోవచ్చు, చిన్న ఖాళీలో ఇమిడిపోతాయి, ఒకటి చిరిగినా రెండోది ఉంటుంది. పై కవర్‌కు వాటర్‌ప్రూఫ్ రేటింగ్ 3,000 మిల్లీమీటర్ల దాకా ఉంటే గట్టి వానకు కూడా తట్టుకుంటుంది. అడుగు పట్టాకు ఇంకా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే మన మోకాలి బరువు పడినచోట తడి నేలలోని నీళ్లు పైకి తోసుకొస్తాయి.

ఇంటి దగ్గర ఒకసారైనా టెంట్ వేసి చూడండి. పోల్ విరిగిందనో, మేకులు తక్కువయ్యాయనో అక్కడికి వెళ్లాక తెలిస్తే చేసేదేం ఉండదు. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి తీగ మేకులు గట్టి నేలలో ఒక దెబ్బకే వంగిపోతాయి. వి ఆకారంలో మడిచిన గట్టి మేకులు ఎనిమిదో పదో విడిగా కొనుక్కోండి. మేకు తల టెంట్‌కు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి. నిటారుగా కొడితే తాడు లాగిన లాగుడుకి ఊడొస్తుంది. 'గాలి లేదుగా' అని పక్కతాళ్లు కట్టకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ తాళ్లు గాలి కోసమే కాదు, పై కవర్ లోపలి గుడ్డకు అంటుకోకుండా బిగదీసి ఉంచడానికి కూడా. రెండూ ఎక్కడ అంటుకుంటే అక్కడి నుంచి తడి దిగుతుంది. కట్టిన తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు ముడివేస్తే రాత్రిపూట ఎవరూ తట్టుకుని మీమీద పడరు. పొద్దున లేచేసరికి లోపల కప్పంతా చెమ్మగా ఉంటే టెంట్ కారిందనుకుని కంగారుపడకండి. అది మీ ఊపిరిలోని ఆవిరే. వానలో కూడా గాలి కిటికీలు కొంచెం తెరిచే ఉంచాలి.

ఇక చోటు. వీలైనంత తొందరగా, గేట్లు తెరిచిన రోజే చేరుకోమనేది దీనికోసమే. పల్లంలో వేయకండి, ఎంత చదునుగా, మెత్తగా కనిపించినా సరే. రాత్రి వాన పడితే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. దారి మలుపులో వేస్తే తెల్లార్లూ జనం మీ టెంట్‌ను రాసుకుంటూ పోతారు. కంచె పక్కన వేస్తే చీకటి పడ్డాక అక్కడ జనం ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. టాయిలెట్లకు నూరు, నూటయాభై మీటర్ల దూరం చాలు. మరీ దగ్గరైతే వాసన, లైట్లు, రాత్రంతా తలుపుల చప్పుడు. మరీ దూరమైతే తెల్లవారుజామున మూడింటికి తెలుస్తుంది. తిండి స్టాళ్ల జనరేటర్లకు కూడా దూరంగా ఉండండి. ఒంటరి చెట్టు కింద వద్దు. తూర్పున ఏదైనా నీడ ఉంటే ఆ చోటు వదలకండి, ఎందుకంటే ఎండ తగిలిన టెంట్ పొద్దున ఏడింటికే పొయ్యిలా కాగుతుంది, రెండింటికి పడుకున్నవాళ్లకు ఐదు గంటల నిద్ర కూడా మిగలదు. వాలు నేలైతే తల ఎగువ వైపు పెట్టుకోండి.

నిద్ర దగ్గర డబ్బు దేనికి పెట్టాలంటే, స్లీపింగ్ బ్యాగ్ కన్నా ముందు కింద వేసుకునే మ్యాట్‌కు. నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. కింద ఏమీ లేకుండా ఎంత మందపాటి బ్యాగులో దూరినా, మన బరువుకు నలిగిన భాగం వెచ్చదనం ఇవ్వదు. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. 'కంఫర్ట్' అన్న అంకె చూసి కొనండి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది ప్రాణం నిలుస్తుందని చెప్పే అంకె, నిద్ర పడుతుందని చెప్పేది కాదు. ఎండాకాలమైనా బయలు మైదానంలో తెల్లవారుజామున చలి వేస్తుంది. ఒక జత పొడి సాక్సులు, ఒక పొడి టీషర్టు కవర్లో గాలి చొరకుండా కట్టి, పడుకునేటప్పుడు తప్ప ఏం జరిగినా ముట్టుకోకూడదని గట్టిగా అనుకోండి. కళ్లకు గంతలు, చెవులకు ఇయర్‌ప్లగ్‌లు ఎలాగూ ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు: టెంట్ లోపలా, గుమ్మంలోనూ నిప్పు వద్దు. టెంట్ గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదమైతే, వాసన లేని ప్రమాదం ఇంకొకటి ఉంది. చల్లారినట్టు కనిపించే బార్బెక్యూ బొగ్గులు కూడా గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. వెచ్చగా ఉంటుందని లోపలికి తెచ్చుకుని పడుకున్నవాళ్లు నిద్రలోనే పోయిన సంఘటనలున్నాయి. పొద్దున తినడానికి వండక్కర్లేనివి తెచ్చుకోండి, మిగతాది స్టాళ్లలో తినండి. స్టవ్, గిన్నెలు తీసేస్తే మూడు నాలుగు కిలోలు అక్కడే తగ్గుతాయి.

తప్పిపోవడం గురించి అడిగారు. తప్పిపోతారు, దాన్ని ఆపలేరు. తప్పిపోయినా ఇబ్బంది లేకుండా చూసుకోవడమే మీ చేతిలో ఉన్న పని. లక్షమంది ఒకే టవర్ మీద పడ్డాక కాల్ కలవదు, మెసేజ్ వెళ్లినా గంట తర్వాత చేరొచ్చు. 'పది నిమిషాల్లో వస్తున్నా' అనే మెసేజ్ అందుకే పనికిరాదు. ఏ పది నిమిషాలో ఎవరికీ తెలియదు. '7.40కి సౌండ్ టెంట్ వెనక, ఎడమ మూల' అని సమయం, చోటు రెండూ రాయండి. దానికన్నా మేలు, పొద్దునే ఒక చోటు, రెండు వేళలు అనుకోవడం: మూడింటికి, తొమ్మిదింటికి. ఎవరైనా రాకపోతే పావుగంట చూసి కదిలిపోవాలి, అలగకూడదు. కలుసుకునే చోటు మెయిన్ స్టేజీ ముందు పెట్టుకోకండి, పెద్ద కార్యక్రమం మొదలైతే అక్కడికి చేరలేరు. ఫుడ్ స్టాళ్ల పక్కన అన్నా చాలదు, అలాంటి వరుసలు పది ఉంటాయి. నంబరు వేసిన లైటు స్తంభమో, ఫస్ట్ ఎయిడ్ టెంటో, కదలని వస్తువేదైనా ఎంచుకోండి.

సొంత టెంట్ వెతుక్కోవడం కూడా తక్కువ పనేం కాదు. రాత్రి ఒంటిగంటకు అన్ని టెంట్లూ బూడిద రంగులోనే కనిపిస్తాయి. వేసిన వెంటనే మ్యాప్‌లో పిన్ పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత పెద్ద దారి నుంచి మీ వరుసలోకి తిరిగే మలుపు దగ్గర నిలబడి ఒక ఫొటో తీయండి, అందులో దగ్గరలోని స్తంభం నంబరు పడాలి. అక్కడి నుంచి ఎన్నో వరుసో లెక్కపెట్టి నలుగురూ గుర్తుపెట్టుకోండి. జెండా కట్టుకునేవాళ్లు చాలామంది, కాబట్టి మామూలు జెండా గుర్తు కాదు. వింత ఆకారం ఏదైనా వేలాడదీస్తేనే ఉపయోగం.

ఫోన్ సంగతి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కు చేరేది 6,000 నుంచి 6,500 మాత్రమే, మిగతాది వోల్టేజి మార్పులో, వేడిలో పోతుంది. అంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోన్‌ను ఒకటింబావు సార్లు నింపుతుంది. నాలుగు రాత్రులకు మనిషికి 20,000ది ఒకటి ఉంటే నిశ్చింత. విమానంలో వెళ్తుంటే దాన్ని చేతి సంచిలోనే పెట్టాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది, అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. టికెట్ స్క్రీన్‌షాట్ సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. కొన్ని యాప్‌లలో బార్‌కోడ్ క్షణక్షణం మారుతుంటుంది, వాటికి స్క్రీన్‌షాట్ చెల్లదు. మిగతా ముగ్గురి నంబర్లు ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి, ఈ రోజుల్లో ఎవరి నంబరూ ఎవరికీ నోటికి రాదు కదా.

పాదాల దగ్గర పిసినారితనం వద్దు. కొత్త బూట్లు అక్కడ తొడిగితే మొదటి రోజే బొబ్బలు. కనీసం రెండు వారాలు వాడినవే తెచ్చుకోండి. వానకు రబ్బరు బూట్లు మంచివే, కానీ నాలుగు రోజులూ వాటితోనే తిరిగితే పిక్కల దగ్గర ఒరుసుకుపోతుంది, లోపల చెమటకు పాదం నాని మెత్తబడుతుంది. రెండు జతలు ఉండాలి. మడమ దగ్గర మంట మొదలవగానే ఆగి, అక్కడే ఆరబెట్టి టేపు వేయండి. బొబ్బ లేచాక వేసే టేపుకు సగమే ఫలితం.

వానకు పెద్ద నల్ల చెత్త కవర్లు పది తెచ్చుకోండి. ఇంత తేలికైనది, ఇన్ని పనులు చేసేది మరొకటి లేదు: బ్యాగు లోపల పొరగా, కూర్చోవడానికి, తడి బట్టలకు, బురద బూట్లకు, చివర చెత్తకు. గొడుగు కన్నా పొంచో (తల మీంచి తొడుక్కునే వదులు వాన కోటు) నయం. బురదలో నీళ్లలా పలచగా ఉన్నచోట నడవడమే తేలిక. చూడ్డానికి ఆరినట్టున్న ముద్ద బురదే బూటును పీకేస్తుంది. 2023లో జర్మనీలోని వాకెన్ ఫెస్టివల్‌లో బురద ఎంతగా పేరుకుందంటే, జనం ఇంకా వస్తుండగానే నిర్వాహకులు ప్రవేశాలు ఆపేశారు, టికెట్లున్న వేలమంది వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అందుకే బయల్దేరే పొద్దున వాతావరణంతో పాటు నిర్వాహకుల ప్రకటన కూడా చూడండి. పిడుగుల వాన వేరు సంగతి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లలోపు ఉందంటే వెంటనే పక్కా భవనంలోకో, కారులోకో పోవాలి. టెంట్ ఏమాత్రం కాపాడదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. 2011లో బెల్జియంలోని పుకెల్‌పాప్‌లో హఠాత్తుగా వచ్చిన గాలివానకు ఐదుగురు చనిపోయారు. నల్లమబ్బు, ఈదురుగాలి మొదలైతే స్టేజీ కట్టడాలకు, పెద్ద టెంట్లకు, చెట్లకు దూరం జరగండి, పాట సగంలో ఉన్నా సరే.

టాయిలెట్లు మీరు భయపడినంత కాదు, వేళ తెలిస్తే. శుభ్రం చేసిన వెంటనే, అంటే సాధారణంగా పొద్దున్నే, వెళ్లండి. క్యూ తక్కువగా ఉండేది పెద్ద గాయకుడు పాట మొదలుపెట్టిన పది నిమిషాలకు, ఎక్కువగా ఉండేది అది అయిపోగానే. టాయిలెట్ పేపరు ఎవరిది వాళ్లే తీసుకెళ్లండి, రాత్రికి తలకు తగిలించుకునే టార్చి. ఫోన్ వెనక జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లొద్దు. అది గుంటలో పడితే ఇక మీది కాదు. శానిటైజర్ ఉండాలి, కానీ వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు, తినేముందు సబ్బుతో కడుక్కోవడమే దారి. అమ్మాయిలు నిలబడి వెళ్లడానికి వీలుగా చిన్న గరాటులాంటివి దొరుకుతాయి, ఇంట్లో బాత్రూంలో ఒకట్రెండు సార్లు అలవాటు చేసుకుని తీసుకెళ్లండి. నెలసరి తేదీ కాకపోయినా ప్యాడ్లు ఉంచుకోండి, వాడినవాటికి జిప్ కవర్లు. నీళ్లకు మడిచే బాటిల్ మనిషికొకటి. ఎండలో గంటలకొద్దీ గెంతుతూ ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, రోజుకో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కలుపుకోండి.

టెంట్‌కు తాళం వేయకండి. లోపల విలువైనది ఉందని చాటినట్టవుతుంది, నిప్పంటుకుంటే బయటపడడమూ కష్టం. డబ్బు, కార్డులు, కారు తాళం ఎప్పుడూ ఒంటిమీదే. రాత్రి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోండి. చేతిలోని గ్లాసు ఎవరికీ ఇచ్చి వెళ్లొద్దు, చీకటి పడ్డాక అమ్మాయిలే కాదు, ఎవరూ ఒక్కరే టెంట్ దాకా నడవొద్దు.

చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం అవుతుందని లెక్క. స్పీకర్ల దగ్గర మామూలుగా ఉండే 100 దగ్గర అది పావుగంటే. స్పాంజి ఇయర్‌ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది పనిచేయనట్టే.

చివరికి మీకూ మీవాళ్లకూ మధ్య తగాదా. మీ భయంలో తప్పేం లేదు. చదరపు మీటరుకు నలుగురిదాకా ఉన్నప్పుడు మనిషి తన ఇష్టంతో కదలగలడు. ఐదారుగురు దాటితే జనం ఒక ద్రవంలా ఊగుతుంది, తోపు ఎటు వస్తే అటు పోవడమే. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డెలో తొమ్మిదిమంది, 2021లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్‌లో పదిమంది ఇలాంటి ఒత్తిడిలోనే పోయారు. ఇలాంటి ఒత్తిడిలో ఊపిరి ఆగేది ఎక్కువగా ఛాతీ నలిగి. అది కిందపడి తొక్కిసలాటలోనే అని అనుకోకండి, నిలబడి ఉన్నా జరుగుతుంది. చేతులు ముఖం దాకా ఎత్తలేకపోతున్నారంటే, మీరు అనుకోకుండానే అడుగులు పడుతున్నాయంటే అప్పటికే బయల్దేరాల్సిన సమయం. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి, తోపుకు ఎదురు వెళ్లకుండా అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగండి. పడిపోయిన ఫోన్ కోసం వంగొద్దు. ముందు కంచె దగ్గరుంటే చేయి ఊపి సెక్యూరిటీ వాళ్లను పిలవండి, పైనుంచి ఎత్తి బయటికి తీస్తారు, అది వాళ్ల రోజువారీ పనే.

మీవాళ్లు ముందుకే వెళ్తామంటే స్టేజీ మధ్యకు కాకుండా ఒక పక్కకు వెళ్లమనండి, అక్కడ ఒత్తిడి తక్కువ, బయటి దారీ దగ్గర. మీరు సౌండ్ మిక్సింగ్ టెంట్‌కు కొంచెం వెనక నిలబడండి. సౌండ్ ఇంజినీరు కూర్చునేది అక్కడే, తన చెవికి ఎలా వినిపిస్తే అలా సరిచేస్తాడు కాబట్టి మైదానంలో పాట బాగా వినిపించే చోటు కూడా అదే. చివరి పాటకు పది నిమిషాల ముందు కదలండి, లేదంటే అయిపోయాక ఇరవై నిమిషాలు కూర్చోండి. అందరూ ఒకే ఇరుకు దారిలో దూరే ఆ పావుగంట తప్పించుకుంటే చాలు. రోజుకు తప్పనిసరిగా చూడాల్సినవి మూడు రాసుకోండి, మిగతావి దారిలో తగిలితే తగిలినట్టు. పగలు ఇరవై నిమిషాలు పట్టే దారి రాత్రి నలభై పడుతుంది.

తిరుగు ప్రయాణం గురించి అడగలేదు గానీ చాలామందికి చుక్కలు కనిపించేది అప్పుడే. ఆఖరి రోజు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య బయల్దేరితే కారు పార్కింగ్ దాటడానికే గంటలు పట్టొచ్చు. తెల్లవారుజామునే వెళ్లిపోండి, లేదా మధ్యాహ్నం దాకా పడుకోండి. నడిపేవాళ్లు ముందురోజు రాత్రి మందు ముట్టకూడదు, ఆరు గంటలైనా నిద్రపోవాలి. మేకులు లెక్కపెట్టి తీయండి. ఆ నేల చాలాచోట్ల పశువుల మేత మైదానమే, మిగిలిన ఒక్క మేకు వాటి కాలికో నోటికో తగులుతుంది. తడి టెంట్‌ను మడిచి తేవడం తప్పకపోతే ఇంటికి చేరిన మర్నాడే విప్పి ఆరేయండి. రెండు మూడు రోజులు సంచిలోనే ఉంటే బూజు పడుతుంది, ఆ మచ్చలూ వాసనా తర్వాత ఎంత ఉతికినా పోవు.